టైటుగా ఉంటే గట్టిదని ఎవడు చెప్పాడు?

హైడ్రాలిక్ ట్రాలీ తొట్టి వెనక హింజ్ పిన్ను మార్పించేటప్పుడు మనవాళ్లు లేత్ షాపులో చెప్పే మాట ఒకటే: "లూజు లేకుండా టైటుగా పెట్టు." సుత్తితో కొడితే గానీ పిన్ను దిగలేదంటే పని బాగా చేశాడని మెచ్చుకుని డబ్బులిచ్చి వస్తారు. ఇది తప్పు. కోపమొచ్చినా సరే, తప్పే.

అంత టైటుగా కూర్చుంటే పిన్నుకీ బుష్‌కీ మధ్య గ్రీజు ఎక్కడ నిలుస్తుంది? గన్ను ఎంత కొట్టినా లోపలికి పోదు. ఇనుమూ ఇనుమూ రాసుకుని పట్టేస్తాయి. పట్టేసిన పిన్ను బుష్‌లో తిరగదు, తొట్టి లేచిన ప్రతిసారీ చాసిస్ చెవిలో తిరుగుతుంది. చెవి బెజ్జం కోడిగుడ్డులా సాగుతుంది. బుష్ అరిగితే బుష్‌తో పోయేది. చెవి పోతే గ్యాస్‌తో కోసి, కొత్తది వెల్డింగ్ చేసి, రెండు పక్కలా లైను కలపాలి. లైను కలవలేదా, రెండో పక్క పిన్నూ పట్టేస్తుంది. ఇక తొట్టి ఎత్తి ఉండగా పిన్ను తెగితే లెక్క డబ్బుల్లో ఉండదు, పక్కనే మనిషి ఉంటాడు.

మోటారు షాఫ్టుకు సన్న సందు కావాలి, ఒప్పుకుంటా. అది శుభ్రమైన చోట వేగంగా తిరిగేది. మన పిన్ను దుమ్ములో, బురదలో ఉంటుంది, పావు చుట్టు కూడా తిరగదు. పైగా గట్టు ఎక్కినప్పుడు చాసిస్ మెలి పడుతుంది, దానికీ కాస్త చోటు కావాలి. 30 మిల్లీమీటర్ల పిన్నుకు బుష్ లోపలి బెజ్జం 30.1 నుంచి 30.2 ఉంటే చాలు. జిరాక్స్ కాగితం ఒకటో రెండో పట్టేంత మందం, అంతే.

టైటు కావాల్సిన చోట మాత్రం ఎవరూ అడగరు! బుష్ బయటివైపు గొట్టంలో బిగుతుగా, ప్రెస్సు మీద దిగాలి. దిగాక లోపలి బెజ్జం కొంచెం ముడుచుకుంటుంది. అందుకే ఎక్కించిన తర్వాతే రీమర్ కొట్టించి వెర్నియర్ పెట్టించండి. "ముందే కొలిచానన్నా" అంటే వినొద్దు. పిన్ను తల దగ్గర లాకు ప్లేటు, బోల్టు ఉండాలి, చెవిలో తిరక్కుండా.

లూజు మంచిదని నేననడం లేదు. మిల్లీమీటరు ఆడుతుంటే గతుకు గతుక్కీ సుత్తిదెబ్బే, మార్చాల్సిందే.

ఇంకో వింత చెప్తా. గొర్రు కింది పిన్ను 22, ట్రాక్టరు లింకు బాల్ బెజ్జం 28. మధ్యలో వేసే బుష్ షాపులో దొరుకుతుంది. అది వెయ్యకుండా ఆరు మిల్లీమీటర్ల సందుతో సీజనంతా దున్నేవాళ్లున్నారు. అదే మనిషి లేత్ షాపుకెళ్లి పాయింట్ వన్ సందు చూసి "ఏందిది, లూజు పెట్టావ్" అని దెబ్బలాటకు దిగుతాడు!