కట్టెల మోపు ఏ లెక్కలోకి వస్తుంది?

మొన్న పటాన్‌చెరు దగ్గర ఒక ఊళ్లో సంఘం సమావేశం ముగించి లేస్తుంటే ఒక తల్లి తన కూతుర్ని నా ముందుకు నెట్టింది. పిల్ల ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, ఫారెస్ట్రీ చదువుతానంటోంది. "నర్సు చదవమంటే అడివి చదువు అంటది. రాత్రిళ్లు అడివిల తిరుగుడు ఆడపిల్లకు అయితదా మేడం?" అంది తల్లి. ఆమె ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీ. "నువ్వు నైట్ షిఫ్టుకు పోతలేవా?" అని కూతురే జవాబిచ్చింది. నాకు చెప్పడానికేం మిగల్లేదు.

ఆ అమ్మాయి అడుగుతున్న చదువు దూరంలో ఏమీ లేదు. ఒకప్పుడు మన మెదక్ జిల్లాలోనే ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన ములుగులో అటవీ కళాశాల ఉంది. 2016లో మొదలైన ఈ కళాశాలలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ చెబుతారు. అడవుల పెంపకం, వన్యప్రాణుల సంరక్షణ, పార్కులు, అభయారణ్యాల నిర్వహణ, అన్నీ ఈ శాస్త్రంలో భాగమే. దేశంలో ఐ.ఎఫ్.ఎస్. లోకి స్త్రీలు తొలిసారి అడుగుపెట్టింది 1980లో. స్వాతంత్ర్యం వచ్చిన ముప్పై మూడేళ్లకు!

తలుపు తెరుచుకుంది కానీ గడప దగ్గర టేపు పట్టుకుని నిలబడేవాళ్లు ఇంకా ఉన్నారు. రాజస్థాన్‌లో ఫారెస్ట్ గార్డు ఉద్యోగాలకు వచ్చిన స్త్రీలకు ఛాతీ కొలతలు తీశారు. అది స్త్రీ గౌరవానికి భంగమని 2023 ఆగస్టులో అక్కడి హైకోర్టు తప్పుపట్టింది. అయినా ఆ కొలత వల్ల ఉద్యోగం పోగొట్టుకుని కోర్టుకెక్కిన ముగ్గురికీ ఉద్యోగాలు రాలేదు. నడక పరీక్ష పెట్టండి, మాకేం అభ్యంతరం లేదు. నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవమన్నా మన ఆడపిల్లలు నడుస్తారు. ఊపిరి బలం తెలుసుకోవడానికి ఛాతీ కొలవాల్సిన పనేమిటో మాత్రం ఏ వైద్యశాస్త్రం చెబుతుందో నాకు తెలియదు.

అయితే ఉద్యోగాల లెక్కతో నేను ఆగలేను. ఆ చదువు ఏ భాషలో మాట్లాడుతుందో కూడా చూడాలి. అటవీ శాస్త్రంలో 'బయోటిక్ ప్రెషర్' అనే మాట ఒకటుంది. అడవి మీద ప్రాణుల ఒత్తిడి అని. పశువుల మేత, వంటచెరకు సేకరణ దాని కిందికి వస్తాయి. అంటే తలమీద కట్టెల మోపుతో, చంకలో బిడ్డతో నడిచొచ్చే స్త్రీ అడవికి 'ఒత్తిడి'. మోపులో ఎండుపుల్లలే ఉన్నా సరే!

ఇప్పుడు మన మంజీర వైపు చూడండి. సింగూరు, మంజీర ఆనకట్టల మధ్య నీటిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మొసళ్లకు, వలస పక్షులకు రక్షణ దొరికింది. మంచిదే, మొసలి బతకాలి. కానీ పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల విషాన్ని ఏళ్ల తరబడి మోసిన నక్కవాగు కలిసేదీ ఈ మంజీరలోనే. వాగు పొడవునా పొలాలు పాడయ్యాయి, బావుల నీళ్లు రంగు మారాయి. డాక్టర్ కిషన్‌రావు వంటివారు ఊళ్లవాళ్లతో కలిసి దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. మంచినీళ్ల కోసం మైళ్లు నడిచిందీ, కడుపులో బిడ్డకేమవుతుందోనని భయపడిందీ, దురద పుట్టే నీళ్లలో బట్టలుతికిందీ స్త్రీలే. కట్టెల మోపుకు శాస్త్రంలో ఒక పేరుంది. ఈ ఒత్తిడికి పాఠంలో ఏ పేరు పెడతారు? నక్కవాగు ఏ పార్కు సరిహద్దులోనూ లేదు గనక అది సంరక్షణ పాఠంలోకి రాకుండా పోతుందా?

ఈ ప్రశ్న ఆ అమ్మాయికి రేపు యూనిఫాం వేసుకున్నాక ఇంకా కష్టంగా ఎదురవుతుంది. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన మహిళా రేంజ్ అధికారిని ఒక రాజకీయ నాయకుడి వెంట వచ్చిన గుంపు కర్రలతో కొట్టింది. ఆ దృశ్యం చూసి మనమంతా మండిపడ్డాం, పడాల్సిందే. కానీ ఆ భూమి మాదేనన్న సాగుదారుల మాట ఆ గొడవలో ఎవరికీ వినబడలేదు. ఆ కుటుంబాల్లోనూ స్త్రీలున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం పట్టాను భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలంటోంది. ఆ సెక్షన్ చదివిన అధికారిణికీ, చదవని అధికారిణికీ మధ్య తేడా ఉంటుందని నేను నమ్ముతాను. కొందరు మిత్రులు నాతో ఏకీభవించరు, యూనిఫాం ఎవరినైనా ఒకేలా మారుస్తుందంటారు.

జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు పజ్జొన్న, సామ, కొర్ర విత్తనాలను ఇంట్లో గంపల్లో కాపాడుతూ వచ్చాయి. వాళ్లతో కలిసి పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇది సంరక్షణ కాదంటే మరేమిటి? అటవీ కళాశాల విద్యార్థులు ఒక వారం ఆ ఊళ్లలో, మరో వారం నక్కవాగు ఒడ్డున గడపాలని నా ప్రతిపాదన. పాఠం చెప్పేది ఆ స్త్రీలే కావాలి, వాళ్లకు గౌరవ వేతనమూ ఇవ్వాలి.

ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టింది. ఫీజు, హాస్టల్ ఖర్చుల గురించి తల్లి ఇంకా లెక్కలు వేస్తూనే ఉంది. బీట్ ఆఫీసర్లుగా, రేంజ్ ఆఫీసర్లుగా పనిచేస్తున్న స్త్రీలు తమ అనుభవాలు మాకు రాయండి. పేర్లు వద్దంటే వేయం. పై సంచికలో ఆ పేజీలు మీవే.