కెన్యాలో కోర్టు గెలిచింది.. తూటా ఆగలేదు

అధికారంలో ఉన్న అధ్యక్షుడి ఎన్నికను కోర్టు కొట్టేయడం ఆఫ్రికాలో అంతకుముందు ఎక్కడా జరగలేదు. 2017 సెప్టెంబర్ 1న కెన్యా సుప్రీంకోర్టు ఆ పని చేసింది. ఉహురు కెన్యాట్టా గెలుపు చెల్లదని తేల్చేసింది. ఆయన తీర్పును తిట్టిపోశారు గానీ, చివరికి తలొగ్గక తప్పలేదు. అదే దేశంలో ఏడేళ్లకు పన్నులొద్దని రోడ్డెక్కిన కుర్రాళ్లను పోలీసులు కాల్చి చంపారు. మరి కెన్యాలో ప్రజాస్వామ్యం బతికినట్టా, లేనట్టా?

జవాబు కావాలంటే 2007 డిసెంబర్ ఎన్నికల దాకా వెళ్లాలి. ఓట్ల లెక్కపై గొడవ నడుస్తుండగానే మ్వాయ్ కిబాకీ సాయంత్రం పూట హడావుడిగా ప్రమాణం చేసేశారు. ప్రత్యర్థి రైలా ఒడింగా వర్గం భగ్గుమంది. ఎన్నికల తగాదా కాస్తా తెగల కొట్లాటగా మారింది. చర్చిలో తలదాచుకున్న వాళ్లనూ తగలబెట్టారు. 1,100 మందికి పైగా చచ్చిపోయారు. 6 లక్షల మంది ఇల్లూవాకిలీ వదిలి పారిపోయారు. కోఫీ అన్నన్ వచ్చి రాజీ కుదిర్చారు.

మరి శిక్ష ఎవరికి పడింది? పెద్దలెవరికీ పడలేదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో నిందితులుగా నిలిచిన కెన్యాట్టా, విలియం రూటో 2013లో చేతులు కలిపి ఎన్నికల్లోనే గెలిచేశారు. ఒకరిపై కేసు 2014లో, మరొకరిపై 2016లో వీగిపోయాయి. సాక్షులు వెనక్కి తగ్గారు మరి. అసలు జబ్బు ఇక్కడే ఉంది.

2010లో తెచ్చుకున్న కొత్త రాజ్యాంగం మాత్రం గట్టిదే. కోర్టులకు ధైర్యం ఇచ్చింది అదే. పోలీసులపై నిఘాకు విడిగా సంస్థ కూడా వచ్చింది. కానీ కంచే చేను మేస్తుంటే కాగితం మీది చట్టం ఏం చేస్తుంది?

చిన్నప్పుడు రోడ్డు పక్కన కోళ్లు అమ్ముకున్నానని చెప్పుకొని పేదల ఓట్లతో 2022లో గద్దెనెక్కిన రూటో, రెండేళ్లు తిరక్కుండానే బ్రెడ్డు మీదా పన్ను ప్రతిపాదించారు. దాన్ని తర్వాత తీసేసినా జనం శాంతించలేదు. 2024 జూన్ 25న యువకులు పార్లమెంటులోకి చొరబడ్డారు. వాళ్లకు నాయకుడు లేడు, పార్టీ లేదు, తెగ అసలే లేదు. 2007 నాటి కెన్యాకూ దీనికీ తేడా అదే. మర్నాడే బిల్లు వెనక్కి పోయింది. కానీ ఆ ఏడాది నిరసనల్లో 60 మంది దాకా చనిపోయారని ఆ దేశ మానవ హక్కుల కమిషనే లెక్క చెప్పింది. నంబరు ప్లేట్లు లేని కార్లలో వచ్చి మనుషుల్ని ఎత్తుకెళ్లడం మొదలైంది. డజన్ల కొద్దీ కుటుంబాలు స్టేషన్ల చుట్టూ తిరిగాయి.

2025 జూన్‌లో పోలీసు కస్టడీలో ఒక యువ టీచరు చనిపోయాడు. గోడకు తల బాదుకున్నాడని పోలీసులు చెప్పారు. పోస్టుమార్టం ఆ మాటను అబద్ధమని తేల్చింది. జులై 7 నిరసనల్లో 30 మందికి పైగా పోయారు. ఆ తర్వాత రూటో ఏమన్నారు? దుకాణాలు దోచేవాళ్లను కాళ్లపై కాల్చమన్నారు!

ఇక ప్రతిపక్షం సంగతి. 2025 మార్చిలో ఒడింగా సర్కారుతోనే ఒప్పందం చేసుకున్నారు. చికిత్స కోసం కేరళ వచ్చి అక్టోబర్‌లో ఇక్కడే కన్నుమూశారు. ఎన్నికల కమిషన్ రెండున్నరేళ్లు సభ్యులే లేకుండా నడిచి, 2025 జులైలో గానీ కుదురుకోలేదు. తర్వాతి ఎన్నికలు 2027 ఆగస్టులో జరగాల్సి ఉన్నాయి.