కారు అడుగున తారుపూత: గీకవలసిన అవసరం ఎంత? గీకేవారి ఊపిరితిత్తుల మాటేమిటి?

పాత కార్లను ఇంటి వద్దనే బాగుచేసుకోవాలన్న ఉత్సాహం ఈ మధ్య మన అనంతపురం ప్రాంతంలోనూ కనిపిస్తున్నది. తాతగారి అంబాసిడర్, ఊరందరినీ ఆసుపత్రికి చేర్చిన మహీంద్రా జీపు, నాన్నగారు అప్పు చేసి కొన్న మారుతి 800 వంటివి ఆయా కుటుంబాలకు కేవలం ఇనుప డబ్బాలు కావు. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే నిలిచిపోయింది. యాభై ఏళ్లు దాటిన వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేసుకునేందుకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నిబంధనలు కూడా తెచ్చింది. ఈ అభిరుచిని నేను తప్పుపట్టను. పదవీ విరమణ చేసిన వారికి ఇది టెలివిజన్ కంటే మేలైన వ్యాపకమని కూడా అంటాను.

నా అభ్యంతరమంతా ఒక్క పనిని గురించి. కారు అడుగున దశాబ్దాల క్రితం పూసిన తారుపూతను, మెకానిక్కులు అండర్‌కోటింగ్ అని పిలిచే ఆ నల్లని పొరను, ఆసాంతం గీకి పారవేయాలన్న పట్టుదల గురించి.

ముందుగా, ఆ పని మనకు అవసరమా అని ఆలోచించండి. ఇనుము తుప్పు పట్టడానికి తేమ కావాలి. గాలిలో తేమ సుమారు 60 శాతానికి తగ్గినప్పుడు శుభ్రమైన ఇనుము తుప్పు పట్టడం చాలా మందగిస్తుంది. మన పీఠభూమిలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా నమ్మకం లేనిది. వేసవిలో గాలి పొడిగా ఉండి పెదవులు పగులుతాయి. ఇంటర్నెట్‌లో మీరు చూస్తున్న పునరుద్ధరణ వీడియోలు అధికభాగం అమెరికా, కెనడా, ఉత్తర ఐరోపా దేశాలవి. అక్కడ చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు అడుగును తినివేస్తుంది. తారుపూత కింద దాగిన తుప్పును బయటపెట్టక తప్పని పరిస్థితి వారిది. ఉరవకొండలోనో కళ్యాణదుర్గంలోనో ముప్పై ఏళ్లు తిరిగిన బండికి ఆ చికిత్సను యథాతథంగా అన్వయించడం, లేని జబ్బుకు శస్త్రచికిత్స చేయడం వంటిది.

దీనికి మినహాయింపు ఉన్నది. చెన్నై నుంచో, మచిలీపట్నం నుంచో, విశాఖ నుంచో సెకండ్‌హ్యాండ్‌లో కొని తెచ్చిన బండి సముద్రపు గాలిని తిన్నది. అమ్మేముందు అడుగున కొత్తగా నల్లపూత వేసి తుప్పును కప్పిపుచ్చడం కొందరు వ్యాపారులకు అలవాటు. అటువంటి బండిని అనుమానించవలసిందే. స్క్రూడ్రైవరు పిడితో పూత మీద అక్కడక్కడ తట్టి చూడండి. గట్టి చప్పుడు వచ్చి, పూత అంటుకునే ఉన్న చోట దానిని వదిలివేయండి. డొల్లగా వినిపించిన చోట, అంచులు లేచిన చోట, పూతకూ రేకుకూ నడుమ మట్టి, తేమ చేరిన చోట మాత్రమే తొలగించండి. చక్రాల పైనున్న కమానులు, తలుపుల కింది అంచులు, లోపలి మ్యాట్ల కింది ఫ్లోరు సాధారణంగా దెబ్బతినే భాగాలు. మొత్తం గీకడానికీ, ఈ నాలుగు చోట్ల గీకడానికీ మధ్య తేడా నాలుగు రోజుల శ్రమ మాత్రమే కాదు. పీల్చే ధూళిలో కూడా అంతే తేడా.

ఇంతకూ ఆ పొరలో ఏమున్నది? పాతవాటిలో ముఖ్యంగా తారు, అనగా బిట్యుమెన్. తరువాతి కాలపు కార్లలో రబ్బరు, మైనం, పీవీసీ వంటి ప్లాస్టిక్కులు చేరాయి. పూత పగలకుండా పట్టు ఇచ్చేందుకు పూర్వం కొన్ని తారుపూతలలో ఆస్బెస్టాస్ పీచును కలిపేవారు. మీ బండి పూతలో అది ఉన్నదో లేదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. అందువల్ల 1990కి ముందరి బండి అయితే, ఉన్నదనే భావించి పనిచేయడం వివేకం.

ఆస్బెస్టాస్ మనకు కొత్తది కాదు. తెలుగులో దానికి రాతినార అన్న చక్కని పేరున్నది. పొరుగున ఉన్న కడప జిల్లాలో, పులివెందుల పరిసరాలలో, ఆ రాతినారను గనులలో తవ్వితీసిన చరిత్ర ఉన్నది. మన ఇళ్ల మీది సిమెంటు రేకులలో ఉన్నదీ అదే. గట్టిగా బంధింపబడి కదలకుండా ఉన్నంతకాలం అది పెద్దగా హాని చేయదు. కోసినా, అరగదీసినా, పొడిచేసినా అతిసూక్ష్మమైన పోగులుగా విడిపోయి గాలిలో గంటల తరబడి తేలుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు చేరిన పోగును శరీరం కరిగించలేదు, బయటికి నెట్టలేదు. దాని చుట్టూ మచ్చ కడుతుంది. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ సాధారణంగా పోగును పీల్చిన 20 నుంచి 40 ఏళ్ల తరువాత బయటపడుతుంది. పొగతాగేవారిలో ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మరెన్నో రెట్లు అవుతుంది. ఇంత ఆలస్యంగా వచ్చే వ్యాధికి, ఎన్నడో సెలవులలో చేసిన పనికి ఉన్న సంబంధం రోగికీ తట్టదు, వైద్యుడికీ తట్టదు. అడుగు పని కోసం చక్రాలు ఊడదీసినప్పుడు బ్రేకు డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం మన షెడ్లలో సర్వసాధారణం. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును తడిగుడ్డతో తుడవండి, ఊదకండి.

ఇక పనిముట్టు సంగతి. యాంగిల్ గ్రైండరుకు వైర్ బ్రష్ బిగించి తారు మీద పెట్టడం చూసేందుకు వేగంగా ఉంటుంది. ఆ వేడికి తారు మెత్తబడి బ్రష్‌కు చుట్టుకుంటుంది, పొగ వస్తుంది, మిగిలినది ధూళిగా లేచి గీకేవాని ముఖం మీదనే పడుతుంది. కారు కింద పడుకుని పైకి చూస్తూ చేసే పని ఇది అని మరువకండి. రాలే ప్రతి రవ్వా కంటి వైపే వస్తుంది. కంట్లో ఇనుపరవ్వ పడితే పక్కవాడు చేతిరుమాలు కొసతోనో అగ్గిపుల్లతోనో తీసే వైద్యం మన షెడ్లలో నేటికీ ఉన్నది. దానివల్ల కార్నియా చీరుకుపోయి, పుండు పడి, చూపు పోయే ప్రమాదం ఉన్నది. ముఖానికి అంటుకుని నాలుగువైపులా మూసి ఉండే కళ్లద్దాలు కొన్ని వందల రూపాయల వస్తువు.

తారు కింద మరొక పొర ఉంటుంది. అది ప్రైమరు. ఇప్పుడు వాడే రెడ్ ఆక్సైడ్ ఇనుప ఆక్సైడు. పూర్వం వాడిన రెడ్ లెడ్ సీసపు ఆక్సైడు. పాత బండి మీద ఎర్రదనం కనిపించినంత మాత్రాన ఏదో తేల్చలేము. ఇళ్లకు వేసే రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులో ఉన్నది. అది ఇంటిరంగులకు, అలంకారపు రంగులకు మాత్రమే. పాత వాహనపు రంగును అది కాపాడదు. సీసం ధూళి ఎక్కువగా హాని చేసేది ఐదారేళ్ల లోపు పిల్లలకు. ఇంటి ముందర నాన్న కారు గీకుతుంటే పక్కన ఆడుకునేది వారే కదా. చేతులు సబ్బుతో కడగకుండా బీడీ వెలిగించడం, అన్నం కలపడం పెద్దవారికీ అంతే చేటు.

కొన్ని చోట్ల ఛాసిస్‌ను ఇసుకతో కొట్టించి శుభ్రం చేస్తారు. పెన్న ఇసుక అయినా మరొకటయినా అందులో ఉండేది సిలికా. లోహపు పోతలను సిలికా ఇసుకతో కొట్టి శుభ్రం చేయడాన్ని బ్రిటన్ 1949లోనే నిషేధించింది. మన తాడిపత్రి వంటి నాపరాళ్ల కేంద్రాలవారికి రాతిధూళి ఊపిరితిత్తులకు ఏమి చేయగలదో నేను చెప్పనక్కరలేదు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులభంగా సోకుతుంది. క్షయ లేకపోయినా ఎక్స్‌రే చూసి క్షయ అని మందులు ఇవ్వడమూ జరుగుతుంది.

గీకడం కష్టమని కొందరు వేడిని ఆశ్రయిస్తారు. తారును కొద్దిగా మెత్తబరచడం వేరు, బ్లోల్యాంపుతో మండించడం వేరు. పొగలు కక్కేంతగా కాలిన తారులో క్యాన్సర్ కారకమైన హైడ్రోకార్బన్లు ఉంటాయి. పీవీసీ పూత కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, పాలియురేథేన్ పూత కాలితే ఉబ్బసం తెప్పించగల ఐసోసైనేట్లు వెలువడుతాయి. పక్కనే పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలు ఉంటాయన్నది వేరే చెప్పాలా? మన వాతావరణమే ఇక్కడ ఒక సదుపాయం ఇస్తున్నది. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున తారు గట్టిపడి కొంత పెళుసుగా ఉంటుంది. ఆ వేళ సబ్బునీటిని పిచికారీ చేస్తూ చేతి గీకుడుపట్టీతో ఎత్తితే ధూళి రేగకుండా పెచ్చులుగా ఊడివస్తుంది. కరవు సీమలో నీళ్లెక్కడివి అంటారేమో. ఒక బక్కెట్టు చాలు.

ద్రావకాల విషయంలో నేను మరింత కఠినంగా చెబుతాను. పెట్రోలుతో తారు తుడవకండి. నిప్పురవ్వ ప్రమాదం ఒకవైపు, అందులోని బెంజీన్ ఎముక మజ్జకు చేసే హాని మరొకవైపు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవరు మూసిన గదిలో వాడితే, పీల్చిన ఆవిరి శరీరంలోనే కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి అది ప్రాణాంతకం. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు అప్పుడు కూడా 98 శాతమని చూపవచ్చు. సాధారణ ఆక్సీమీటరు ఆ వాయువును గుర్తించలేదు. కిరోసిన్, థిన్నరు వంటివాటిని తాగునీటి సీసాలలో పోసి ఉంచకండి. మే నెల ఎండలో దాహంతో వచ్చిన పిల్లవాడు అది నీరే అనుకుంటాడు. అలా తాగిన పిల్లవాడికి ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి. కిరోసిన్ కడుపులో చేసే హానికంటే, వాంతిలో ఊపిరితిత్తులలోకి పోయి చేసే హాని ఎక్కువ. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

జాకీ గురించి ఒక్క మాట. జాకీ బండిని ఎత్తడానికే, నిలపడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఒక్కసారిగా పగులుతాయి. ఇనుప స్టాండ్లు లేకుండా ఎవరూ బండి కిందికి దూరరాదు.

ఇక్కడ అసలు సంగతికి వస్తాను. యజమానులు ఈ పనిని కొంతసేపు చేసి, నడుము నొప్పి పుట్టగానే టింకరింగ్ షెడ్డులోని కుర్రవానికి అప్పగిస్తారు. అతనికి పదిహేనేళ్లో, అంతకంటే తక్కువో. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టరాదని 2016లో సవరించిన చట్టం చెబుతున్నది, కుటుంబపు పనులకు మినహాయింపు ఇస్తూ. అందుకే అడిగితే ‘మా అక్క కొడుకు సార్’ అంటారు. కావచ్చు. మీ కారుకు మూడు వేలు ఖర్చు పెట్టి రంగు కొనేవారు, దాని అడుగున పడుకున్న ఆ పిల్లవాడి ముక్కుకు మూడు వందలు ఖర్చు పెట్టరెందుకు? మూతికి కట్టుకున్న తువ్వాలు ఆ ధూళిని ఆపదు. కోవిడ్ కాలపు సర్జికల్ మాస్కు కూడా ఆపదు. ఎన్95 సాధారణ ధూళికి సరిపోతుంది. ఆస్బెస్టాస్ అనుమానం ఉన్నచోట పీ100 ఫిల్టరు బిగించిన రబ్బరు మాస్కు కావాలి. ద్రావకాల ఆవిరికి దానికి వేరే కార్ట్రిడ్జి కావాలి. గడ్డం ఉంటే ఏ మాస్కూ ముఖానికి సరిగా అంటుకోదు. వీటిలో ఏదీ ఏర్పాటు చేయలేకపోతే ఆ పూతను అలాగే ఉండనివ్వండి. దాని మీద మైనం పూత ఒకటి వేసుకోండి. బండి మరో ఇరవై ఏళ్లు తిరుగుతుంది.

పని బట్టలను అక్కడే విప్పి, తడిపి, విడిగా ఉతకాలి. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మెసోథీలియోమా రోగుల చరిత్రలను పరిశీలించినప్పుడు, ఎన్నడూ ఫ్యాక్టరీలో అడుగుపెట్టని వారిలోనూ ఆ వ్యాధి కనిపించింది. వారు ఆస్బెస్టాస్ పనివారి ఇంటివారు. ఊడిన పెచ్చులను తడిగానే మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టివేయండి. చెత్తకుప్పలో వేసి తగలబెట్టకండి. తీగ గీరుకుంటే గాయాన్ని సబ్బుతో కడగండి. టెటనస్ టీకా వేయించుకుని పదేళ్లు దాటి ఉంటే, గాయం మట్టి పట్టినదైతే ఐదేళ్లు దాటినా, మళ్లీ వేయించుకోండి.

రోగిని ‘మీరు ఏమి పని చేస్తారు?’ అని తప్పక అడగాలని 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని రాశాడు. మన రద్దీ ఓపీలలో ఆ ప్రశ్నకు చాలాసార్లు వ్యవధి ఉండదు. అందువల్ల వదలని దగ్గుతోనో ఆయాసంతోనో వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, పాతికేళ్ల క్రితం రెండేళ్లు షెడ్డులో పనిచేసి ఉన్నా సరే, ఆయన అడగకముందే మీరే చెప్పండి.