పురుడు పోయుటకు పరదేశము వెళ్ళే తల్లులకు

ఆడపిల్ల పురుడు పుట్టింటి బాధ్యత. నేడు ఆ పుట్టిల్లే విమానమెక్కి అమ్మాయి వద్దకు పోవలసి వస్తున్నది. మారేడుపల్లి, పద్మారావునగరు నుండి నా వద్దకు వచ్చే గృహిణులు ప్రయాణమునకు ముందు ఒకే ప్రశ్న అడుగుతారు: "ఏమేమి తీసికొని వెళ్ళమంటారు?" కాయము, శొంఠి, వసకొమ్ము, సాంబ్రాణి, తేనె అంటూ జాబితా వారి వద్ద సిద్ధముగానే ఉంటుంది. అన్నిటికంటె ముందు తీసికొని వెళ్ళవలసినది దేశకాల వివేకమని నా అభిప్రాయము.

మా అమ్మాయి కానుపుకు నేనూ మా శ్రీమతీ న్యూజెర్సీలో ఆరు నెలలున్నాము. ప్రసవమైన వెంటనే బాలింతకు మంచుముక్కలు వేసిన నీరిచ్చుట చూచి మా శ్రీమతి నిర్ఘాంతపోయినది. పురిటిగదిలో భర్త పక్కనే ఉంటాడు. సాధారణ ప్రసవమైతే రెండు రోజులలో ఇంటికి పంపుతారు. మనకు చెవులలో దూది, నడికట్టు, పదకొండవనాడు పురిటిస్నానము. వారికి మరునాడే నడక.

ఈ భేదమును చూచి వారిని నిందించుట గాని, మనలను మనము తక్కువ చేసికొనుట గాని శాస్త్రసమ్మతము కాదు. కాశ్యప సంహిత బాలింత ఉపచారమును అనూప, జాంగలాది దేశభేదములను బట్టి చెప్పి, విదేశ జాతుల ఆచారమును కూడ పేర్కొన్నది. ఒక చోటి పద్ధతిని మరొక చోట యథాతథముగా దించుట ఋషుల ఉద్దేశము కాదు.

నిలుపుకొనవలసినవి ముందు చెబుతాను. వెచ్చని, సులువుగా అరిగే ఆహారము. త్రాగుటకు గోరువెచ్చని నీరు. బాలింతకు నీరు తగ్గించే అలవాటు మాత్రము తగదు. పాలిచ్చే తల్లికి దప్పిక తీరా నీరు కావలెను. చలికాలములో యంత్రములతో వేడిచేసిన ఇళ్ళలో గాలి పొడిబారి వాతము పెరుగును గనుక తల్లికి నువ్వులనూనె అభ్యంగనము అక్కడ మరింత హితము. వీటన్నిటినీ మించినది తోడు. అక్కడ ఎందరో తల్లులు పసిబిడ్డతో పగలంతా ఒంటరిగా గడుపుతారు. నలభై రోజులు ఒక మనిషి వండిపెట్టి, బిడ్డను అందుకొని, తల్లిని నిద్రపోనిచ్చుటే మన పురుటిలోని అసలైన ఔషధము.

ఇక విడువవలసినవి. శిశువుకు తేనె, నేయి నాకించుట శాస్త్రోక్తమే. అయినను తేనెలో ఉండగల బొట్యులిజం బీజములు ఏడాది లోపు శిశువు ప్రేగులలో పెరిగి, విషమును పుట్టించి, కండరములను చచ్చుపరచవచ్చునని నేడు తెలిసినది. ప్రత్యక్షమును కూడ ప్రమాణముగా అంగీకరించిన శాస్త్రము మనది. కాబట్టి ఏడాది నిండువరకు తేనె వద్దు. అక్కడే కాదు, సికింద్రాబాదులోనూ వద్దు. వస నాకించితే మాటలు త్వరగా వస్తాయంటారు; ఎక్కువైతే వచ్చేది వాంతులు. బిడ్డకు మాటలు రావడానికి అమ్మమ్మ కబుర్లు చాలును. పెంకుటింటి వసారాలో సాంబ్రాణి పొగ బయటికి పోయేది. తలుపులు బిగించిన ఇంటిలో అది శిశువు ఊపిరిలోనికి పోవును. బిడ్డ ముక్కులో, చెవులలో నూనె పోయరాదు. కొన్ని కాటుకలలో సీసము కనుగొనబడినది గనుక బొట్టుతో సరిపెట్టుకొనవచ్చును.

నిద్ర విషయములో వారి నుండి మనము నేర్వవలసినది ఉన్నది. బిడ్డను వెల్లకిల పరుండబెట్టవలెనని అమెరికాలో 1994లో ప్రచారము ప్రారంభించిన తరువాత, నిద్రలో కారణము తెలియక సంభవించే శిశుమరణములు సుమారు సగమునకు తగ్గినవి. తల్లి ఉన్న గదిలోనే బిడ్డకు వేరు పడక ఉండవలెనని కూడ వారు చెబుతారు.

అక్కడి వైద్యురాలు ఒకటి, కన్నతల్లి మరొకటి చెబితే నడుమ నలిగిపోయేది పచ్చి బాలింత. అందుచేత వెళ్ళిన వెంటనే అమ్మాయితో కలిసి ఆ వైద్యురాలిని చూడండి. కాయము మొదలు ఏ మందు ఇవ్వదలచినా అందులో ఏమున్నదో ఆమెకు చెప్పి, అంగీకారము పొందండి. వద్దన్నచో పట్టుబట్టక, మిరియాల చారు అన్నము వేడిగా వడ్డించండి. దానికి ఏ దేశములోనూ ఎవరూ అడ్డు చెప్పరు.