‘రోబస్ట్’ అని రాసే ముందు...

మెయిన్స్ జవాబుల్లో ముగింపు పేరా దగ్గరికి వచ్చేసరికి ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: ‘రోబస్ట్’. రోబస్ట్ మెకానిజం కావాలి, రోబస్ట్ ఫ్రేమ్‌వర్క్ కావాలి, రోబస్ట్ డేటా కావాలి. ఏ ప్రశ్నకైనా అతికే పరిష్కారం నిజానికి ఏ ప్రశ్నకూ జవాబు కాదు. దేన్ని తట్టుకుంటుందో చెప్పలేనప్పుడు ఈ మాట వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. దీని పుట్టుక చూస్తే కారణం తెలుస్తుంది.

లాటిన్‌లో ‘రోబుర్’ అంటే ఓక్ చెట్టు, దాని గట్టి కలప. క్రమంగా ఆ మాటకే బలం అనే అర్థమూ వచ్చింది. దాని నుంచి ‘రోబుస్టుస్’, అక్కడి నుంచి ఇంగ్లిష్ రోబస్ట్ వచ్చాయి. యూరప్ ఓక్ చెట్టు శాస్త్రీయ నామం ఇప్పటికీ క్వెర్కస్ రోబర్. సాక్ష్యాన్ని బలపరచడానికి వాడే ‘కరోబరేట్’ కూడా ఈ కుటుంబంలోదే. మన తెలుగులో ‘చేవ’ ఇలాంటి మాటే. చెట్టు లోపల గట్టిపడిన కలప చేవ, మనిషిలోని సత్తా కూడా చేవే.

పేరుకు తగ్గ ఉదాహరణ రోబస్టా కాఫీ. 1869లో సిలోన్‌లో కనిపించిన ఆకు తుప్పు తెగులు అక్కడి అరబికా తోటలను దెబ్బతీసింది, రైతులు తేయాకు వైపు మళ్లారు. ఆ తెగులును అరబికా కంటే రోబస్టా బాగా తట్టుకుంటుంది. దేన్ని తట్టుకుంటుందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తోంది.

జీఎస్-3లో విపత్తు నిర్వహణకూ ఇదే వర్తిస్తుంది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. ముందస్తు హెచ్చరిక, తుపాను షెల్టర్లు, తరలింపు ప్రణాళిక అని రాస్తే చాలు, వ్యవస్థ ఎంత గట్టిదో పరీక్షకుడికే అర్థమవుతుంది.

‘రెజీలియంట్’ను దీనికి పర్యాయపదంగా రాయడం మరో పొరపాటు. దాని లాటిన్ మూలానికి వెనక్కి ఎగరడం అని అర్థం. గాలికి కూలని షెల్టర్ రోబస్ట్. కూలిన కరెంటు స్తంభాలను త్వరగా నిలబెట్టి సరఫరా పునరుద్ధరించగలిగిన వ్యవస్థ రెజీలియంట్. ఒకటి దెబ్బను ఆపుతుంది, రెండోది దెబ్బ తిన్నాక లేస్తుంది. ప్రశ్న ఏది అడిగిందో చూసి రాయాలి.

కాబట్టి ఆ మాట రాసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. దేన్ని తట్టుకోవాలి? దేని వల్ల తట్టుకుంటుంది? జవాబు దొరికితే దాన్నే రాయండి, దొరకకపోతే ఆ మాట కొట్టేయండి. ఇది మార్కులతో పోయే అలవాటు కాదు. రేపు మీరు కలెక్టర్ కుర్చీలో కూర్చుని ఫైలుపై ‘పటిష్ఠ ఏర్పాట్లు చేశాం’ అని సంతకం పెడితే, ఆ మాటను నమ్మి ఒక తీర గ్రామం ఇంట్లోనే ఉండిపోవచ్చు.