పరీక్షకు ముందే విడుదల

ఇటీవల మా అబ్బాయి కంప్యూటరులో క్రికెట్ ఆట ఆడుచుండగా ఒక వింత చూశాము. ఫీల్డరు బంతిని చేతబట్టి, విసరడం మరచి, శిలవలె నిలిచిపోయాడు. ఆట ముందుకు సాగలేదు. తొంభై పరుగుల మీదనున్న ఇన్నింగ్స్ అక్కడితో సరి. "తరువాత ప్యాచ్ పంపిస్తారులే, నాన్నగారూ" అన్నాడు మావాడు. ఆ మాట మమ్ము కలవరపరచింది.

ఈ జబ్బు కొత్తది కాదు. 2013 నవంబరులో, ఆస్ట్రేలియాలో యాషెస్ సిరీస్ మొదలైన రోజులలోనే, వాయిదాపడుతూ వచ్చిన 'యాషెస్ క్రికెట్ 2013' అనే ఆట విడుదలైంది. లోపాలు భరింపరానివి కాగా, కొద్ది రోజులకే దానిని అమ్మకం నుండి తొలగించి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

బంతి వేగం, మలుపు, షాటు, ఫీల్డరు నిలిచిన చోటు: వీటి కలయికలు లెక్కకు మిక్కిలి. అన్నింటినీ పరీక్షించుటకు కాలం కావాలి. గడువు ముంచుకొచ్చినపుడు మొదట కోతపడేది ఆ కాలమే. ఇంటర్నెట్ ద్వారా దిద్దుబాట్లు పంపే వీలు కలిగాక, కొన్నవాడే పరీక్షకుడైనాడు.

ఇతరులను నిందించుట సులభం. మేమూ ఒకనాడు, ప్రారంభోత్సవం దగ్గరపడిందని, పూర్తి లోడుపై నడపకుండానే ఒక పంపు పరీక్షా నివేదికపై సంతకం చేశాము. మూడవనాడే బేరింగు పట్టేసింది. ఎవరికీ గాయం కాకపోవడం మా అదృష్టం. పంపునకు ప్యాచ్ ఉండదు.

ఇన్నేళ్లకు ఆ సంగతి మావాడికి చెప్పాము. "మరి సంతకం ఎందుకు చేశారు?" అని అడిగాడు. తేదీ ఖరారైపోయిందని చెప్పాము. ఆ ఆట తయారుచేసినవారి సమాధానమూ బహుశా అదే.