ముందు నీళ్లు, తర్వాతే గోడలు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో సొంతంగా స్పెషాలిటీ కాఫీ షాపు పెట్టాలనుకునేవారు చాలామంది మొదట గోడల రంగులు, దీపాల అలంకరణ దగ్గరే డబ్బు కరగబెడుతున్నారు. కొలతలూ పరికరాలూ చివరికి మిగిలిన సొమ్ముతో వస్తాయి. ఈ వరస మారాలి. పోర్-ఓవర్ కాఫీలో 98 శాతానికి పైగా ఉండేది నీళ్లే. గట్టి బోరు నీళ్లు పోస్తే మెషీన్ బాయిలర్లో సున్నం పేరుకుంటుంది; ఆర్‌ఓతో లవణాలన్నీ లాగేస్తే మంచి గింజ కూడా చప్పబడిపోతుంది. లీటరుకు 150 మిల్లీగ్రాముల మేర లవణాలుండాలన్నది ఈ రంగంలో చిరకాలంగా నడుస్తున్న కొలమానం. నీటి పరీక్ష తర్వాత గ్రైండర్: గింజ సమంగా నలగకపోతే నుసి చేదెక్కుతుంది, పలుకు పుల్లగా మిగిలిపోతుంది. ఎంత ఖరీదైన ఎస్ప్రెస్సో మెషీనూ ఆ లోపాన్ని సరిదిద్దలేదు. ఇక లెక్క. కిలో పచ్చి గింజలు వేయిస్తే మిగిలేది సుమారు 850 గ్రాములు. డబుల్ ఎస్ప్రెస్సోకు 18 గ్రాముల చొప్పున 47 కప్పులు, అదీ రోజూ ఉదయం రుచి కుదిరేదాకా పారబోసేది తీసేయకముందు. ఈ లెక్క వేసుకోకుండా మెనూ ధర రాయడం సాహసం కాదు, అజాగ్రత్త. అన్నిటికన్నా ముఖ్యం గింజ పుట్టిన చోటు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా వెనక కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య పండించే గిరిజన రైతులున్నారు. షాపు తెరవబోయేవారు కోతల కాలంలో ఒక్కసారైనా అక్కడికి వెళ్లండి, పండు ఎర్రబడ్డాకే కోసినందుకు అదనపు ధర కట్టండి, మెనూలో ఆ ఊరి పేరు రాయండి.